ఆదివారం నొక్కాల్సిన బటన్

చింతవాగు తండా,
3 నవంబరు 2024

తమ్ముడు రవికి,

నీ కర్ర చచ్చిపోయింది. ఎప్పుడు చచ్చిందో కూడా తెలియదు. అది తలుచుకుంటేనే నాకు చెమటలు పడుతున్నాయి.

దసరాకి దమ్మపేటలో మనల్ని కన్న యాడి దగ్గర కూచుని ఉన్నప్పుడు నువ్వేమన్నావు? కరెంటు తీగ దగ్గరికొస్తే ఇది కూస్తుందక్కా, కూయకపోతే ధైర్యంగా నడువు అన్నావు. నేను అట్లాగే నడిచాను. టీకాల రోజుల్లో తెల్లవారకముందే వాగు దాటి కోయల పల్లె కోయగుంపుకి పోయేటప్పుడు ఆ కర్ర ముందుకు చాపుకుని చేలగట్ల మీద మహారాణిలాగా పోయాను. అది కూయలేదు కాబట్టి తీగ లేదనుకున్నాను. నిన్న జంపయ్య దాన్ని సరదాకి మా హెల్త్ సబ్‌సెంటర్ స్విచ్‌బోర్డుకి ఆనించాడు. జంపయ్య తెలుసు కదా, నా టీకాల పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచే కోయ మనిషి. కర్రలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. "సిస్టరమ్మా, ఇది మన సర్పంచి లెక్కనే ఉంది, ఎన్నిమార్లు అడిగినా పలుకదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సెల్స్ తీసి చూస్తే నాలుగూ ఖాళీ. ఎన్నాళ్ళు ఆ పీనుగను నమ్మి నడిచానో!

ఇక్కడి సంగతి ఖమ్మంలో కూచున్న నీకు అర్థం కాదు. ఈసారి అందరిదీ మొక్కజొన్నే. అడవి పందులు గుంపులుగా దిగుతున్నాయి. వాటి కోసం జనం స్తంభం మీది కరెంటును దొంగతనంగా తీగలకి తగిలిస్తున్నారు. తీగ మోకాలి ఎత్తులో ఉంటుంది, మసకలో కనిపించదు. దీపావళి ముందు రోజు ఒక బర్రె పడిపోయింది. బర్రె చచ్చిందని ఏడ్చారే గాని, తీగ ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఇంకో మాట. మీ బావకి మోటారు కోసం ఒక డబ్బా కావాలట. రాత్రి తొమ్మిదికి దానంతట అదే ఆన్ కావాలి, తెల్లవారుజామున ఐదుకి ఆఫ్ కావాలి. రాత్రిపూట ఓల్టేజీ బాగుంటుందట, చలిలో లేచి పోవడం కష్టమట. పంట అయ్యేదాకా సెల్స్ మార్చే పని ఉండొద్దన్నాడు. చేయగలవా?

ఫోన్ చేయకు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, నాకంత ఓపిక లేదు. హాస్టల్ రోజుల్లో రాసుకున్నట్టే రాయి.

నీ అక్క
హేమలత


ఖమ్మం,
10 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి స్టూలు మీదే కూలబడ్డాను. ప్రాక్టికల్స్‌కి వచ్చిన పిల్లలు సారుకి ఏమైందని మంచినీళ్ళు తెచ్చారు. ల్యాబ్ అసిస్టెంటుని సార్ అని పిలిచే పిల్లలు ఇంకా ఉన్నారు, సంతోషించు.

లెక్క వేశాను. ఆ కర్ర రెండో రోజు సాయంత్రానికే చచ్చిపోయి ఉంటుంది. అంటే మూడు వారాలు నువ్వు ఉత్త కట్టెను పట్టుకుని తిరిగావు. తప్పు నాదే. దాంట్లో నేను పెట్టింది కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పే ఆర్డువినో బోర్డు. దాని మీది మైక్రోకంట్రోలర్ అంటే వేరేమీ కాదక్కా, యంత్రానికి బుర్ర లాంటి చిప్. ఆ బోర్డు మీద చిప్ పాపం కొంచెమే తాగుతుంది. దాని చుట్టూ ఉన్న బలగం తాగేస్తుంది. నేను బతికే ఉన్నానని చూపించుకోవడానికి ఒక ఎర్ర లైటు, కంప్యూటర్‌తో మాట్లాడటానికి ఇంకో చిప్, ఓల్టేజీ సరిచేసే ఇంకొకటి. పెళ్ళికొడుకు ఒక్కడే, భోజనానికి కూచున్నవాళ్ళు మూడొందల మంది.

వైఫై బోర్డు ఇంకా ఘోరం. అది నోరు తెరిస్తే చాలు సెల్స్ గుటుక్కున మింగుతుంది. సిగ్నల్ లేని మీ తండాలో అది ఎవరితో మాట్లాడాలి? నేను కొన్నాళ్ళుగా వెతికి వెతికి పట్టుకున్నది ఒక చిన్న చిప్. ఎనిమిది కాళ్ళు, చింతగింజంత ఉంటుంది. ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. కొన్ని సెకన్లకోసారి కన్ను తెరిచి, చూసి, మళ్ళీ పడుకుంటుంది. రెండు సెల్స్ పెడితే ఏడాది దాటినా బతుకుతుంది.

ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. ప్రమాదం వస్తే కూయడం అనేదే తప్పు. చచ్చినవాడు కూడా కూయడు కదా. కొత్త కర్ర ఎప్పుడూ టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. తీగ దగ్గరకొస్తే ఆగిపోతుంది. సెల్స్ అయిపోయినా ఆగిపోతుంది. శబ్దం ఆగిందంటే నువ్వూ ఆగు. రెండింటికీ ఒకటే మాట.

చిక్కేమిటంటే నా దగ్గర ఆ చిప్ ఒక్కటే మిగిలింది. రెండోదాన్ని తలకిందులుగా గుచ్చి కాల్చేశాను. మళ్ళీ తెప్పిస్తే నెల పడుతుంది. ఉన్న ఒక్కటీ నీ కర్రలో పెడతాను. బావని కొన్నాళ్ళు చలిలో లేవమను, కొవ్వు కరుగుతుంది. అప్పటిదాకా నువ్వు చేలగట్ల మీద నడవకు, రోడ్డు మీదుగానే పో. దూరమైతే అయింది.

నీ తమ్ముడు
రవికుమార్


చింతవాగు తండా,
18 నవంబరు 2024

రవీ,

మూడు వారాలా? అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు.

అయినా నీ ఒక్కగానొక్క చిప్ బావ డబ్బాకే పెట్టు. నాది తర్వాత చూద్దాం. కోప్పడకు. పోయిన ఏడాది పందులు సగం చేను తొక్కాయి, ఈసారి కౌలు చేను మీదే ఆశంతా పెట్టుకున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదురా. పట్టు పట్టాడంటే వదలడు, అంతే. రోడ్డు మీదుగా పోతే నాకు గంట ఎక్కువ, గుంపులో వాళ్ళు కూలికి పోయాక చేరితే టీకా ఎవరికి వేయాలి? జంపయ్య ముందు నడుస్తాడులే. వాడి కళ్ళు గద్ద కళ్ళు.

బావ మరీ మరీ రాయమన్నది ఒకటుంది. "ఐదు దాటినంక ఒక్క నిమిషం గూడ ఉండొద్దని చెప్పు మీ తమ్మునికి" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. బండి టైముకి స్టేషన్‌కి ఏనాడూ పోనివాడు మోటారు దగ్గర మాత్రం నిమిషాలు లెక్కపెడుతున్నాడు. నేను నవ్వితే, రోజులు మారినయ్ అన్నాడు.

నీకు మాత్రమే ఇంకో మాట. బదిలీకి దరఖాస్తు పెట్టాను, దమ్మపేట వైపు. యాడి మోకాళ్ళు బాగా లేవు, నాకూ ఈ అడవి దారులు విసుగొచ్చాయి. బావకి ఇంకా చెప్పలేదు. చేను మీద ఉన్న మనిషికి ఇప్పుడు చెప్తే ఇల్లు కురుక్షేత్రమే. ఆఫీసులో ఏమైనా తెలిస్తే విడిగా రాయి. నీ ఉత్తరాలన్నీ ఆయనకి నేనే చదివి వినిపిస్తానని మరిచిపోకు. ఆయనకి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే గాని చదవడం రాదు.

ఇట్లు
దొంగచాటు దరఖాస్తుల అక్క


ఖమ్మం,
26 నవంబరు 2024

అక్కా,

నీ పట్టుదల కన్నా బావ పట్టుదల నయం. సరే, డబ్బా తయారైంది. ఆర్టీసీ కార్గోలో భద్రాచలానికి పంపుతున్నాను.

ఇది మొదటి కాగితం, బావకి చదివి వినిపించు. నీలం డబ్బా మీద నా చేతిరాతతో ఆన్, ఆఫ్ అని ఉంది. లోపల రెండు సెల్స్, అవి గడియారానికి మాత్రమే. స్విచ్చు మారేటప్పుడు టక్కుమని ఒక్కసారి తన్నుతుంది, ఆ తర్వాత నిద్ర. మోటారు స్టార్టరుకి తీగలు ఎట్లా కలపాలో బొమ్మ గీశాను. మెయిన్ ఆఫ్ చేయకుండా చేయి పెట్టొద్దని గట్టిగా చెప్పు. సాయంత్రం ఆరు కాగానే పక్కనున్న తెల్ల బటన్ ఒకసారి నొక్కితే గడియారం మొదలవుతుంది. అంతే పని.

రెండో కాగితం. నువ్వు అడిగిన బదిలీ సంగతి విడిగా రాస్తున్నాను. నా స్నేహితుడి వదిన నిర్మలాదేవి జిల్లా ఆఫీసులో పనిచేస్తుంది. నీ దరఖాస్తు పైకి పోయిందట, సంక్రాంతి దాటాక ఆర్డర్లు రావచ్చంది. నోరు జారకు.

ఈ కాగితం వెనకవైపు ఖాళీ ఉంది కాబట్టి డబ్బా గురించి మిగిలింది ఇక్కడే రాస్తున్నాను, బావకి తప్పకుండా చెప్పు. ఈ చిప్పుకి సొంత గడియారం అంత గట్టిది కాదు. పక్కన క్రిస్టల్ అని ఒక చిన్న వస్తువు పెడితే సెకను తప్పదు, కానీ నా దగ్గర లేదు, కొనడానికి హైదరాబాదు పోవాలి. బల్ల మీద మూడు రోజులు పెట్టి చూస్తే రోజుకి రెండు నిమిషాలు వెనకబడింది. ఐదుకి ఆగాల్సింది మర్నాడు ఐదూ రెండుకి, ఆ మర్నాడు ఐదూ నాలుగుకి ఆగుతుంది. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి తెల్ల బటన్ మళ్ళీ నొక్కాలి. నొక్కితే లెక్క సరిపోతుంది. ఒక వారం మరిచిపోయినా కొంపలేమీ మునగవు, మోటారే కదా, మొక్కజొన్నకి నాలుగు చుక్కలు ఎక్కువ పడతాయి.

చిప్పులు రాగానే నీ కర్ర పని పడతాను.

రవి


చింతవాగు తండా,
8 డిసెంబరు 2024

తమ్ముడా,

నీ డబ్బా వచ్చింది, పోయిన ఆదివారమే బావ బిగించాడు. నేను మొదటి కాగితం చదువుతుంటే బొమ్మ చూసుకుంటూ తల ఊపాడు. బిగించేటప్పుడు నన్ను రానివ్వలేదు, ఆడవాళ్ళకి కరెంటు పనేంది అన్నాడు. రోజుకి పది సూదులు వేసే నాకు! మొదటి తెల్లారి ఐదుకి తనే పోయి నిలబడి చూసి వచ్చాడట. ఆగిందని ఎంత సంబరపడ్డాడో. "మీ తమ్ముడు మొగోడు" అన్నాడు. ఇన్నాళ్ళూ నిన్ను వైర్ల పిచ్చోడని అన్న నోటితోనే.

నీ రెండో కాగితం ఒంటరిగా చదువుకున్నాను. బావ చూస్తాడేమోనని మడిచి టీకాల రిజిస్టరు అట్టలో దోపాను. ఆయన ముట్టని పుస్తకం అదొక్కటే.

ఒక వింత చెప్పనా? పందులు చుట్టుపక్కల అన్ని చేలల్లోకీ దిగుతున్నాయి, మన చేనులోకి మాత్రం రావట్లేదు. పక్క చేను దేవ్లా వచ్చి మందేమైనా చల్లారా అని అడిగాడు. రాత్రంతా మోటారు మోతకి బెదిరి పోతున్నయని బావ చెప్పాడు. అంటే నీ చిప్ పందులకి కూడా కాపలా కాస్తోందన్నమాట. ఇక మీసం మెలేసుకో.

జంపయ్యకి నీ టిక్కు టిక్కు కర్ర సంగతి చెప్పాను. ఆగిపోతే ఆగాలట అంటే, మా ఎద్దుకి గూడ గదే తెలివి ఉందన్నాడు. వాడి చిన్న కూతురికి రెండో డోసు వేశాను. ఏడవలేదు, నన్ను కొట్టింది.

హేమలత


చింతవాగు తండా,
13 జనవరి 2025

రవీ,

జంపయ్య పోయాడు.

అక్షరాలు ఎట్లా వచ్చినా సర్దుకుని చదువుకో. మొన్న శనివారం పదకొండో తారీఖు. ఆరుకి బయలుదేరాం. మంచు దట్టంగా ఉంది. జంపయ్య ముందు, నేను పదడుగులు వెనక. కౌలు చేను వెనకగా, వాగు ఒడ్డు దారిలో పోతున్నాం. మన చేనేనని నేను తీరిగ్గా నడుస్తున్నాను. వాడి కూతురు నన్ను కొట్టిన సంగతే చెప్పి నవ్విస్తున్నాడు. మాట మధ్యలో ఆగిపోయాడు. అరవలేదు రవీ. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. టీకాల పెట్టె పక్కకి దొర్లింది. మంచుగడ్డలన్నీ గడ్డిలో పడ్డాయి.

పట్టుకోబోయి ఎందుకో ఆగాను. నర్సు ట్రైనింగులో మొదటి రోజు చెప్పిన మాట గుర్తొచ్చిందేమో తెలియదు. ఎండు కర్రతో కాలును తీగ మీంచి లాగాను. గుండె మీద ఎంతసేపు నొక్కానో నాకే తెలియదు. నా చేతుల కిందే చల్లబడ్డాడు. మోకాలి కింద నల్లగా ఒక గీత, దారంతో కట్టినట్టు.

ఊళ్ళోకి పరిగెత్తి జనాన్ని తెచ్చేసరికి అక్కడ తీగ లేదు. ఒక్క మూర కూడా లేదు. పెద్దమనుషులు పాము కరిచిందన్నారు. మీ చేను పక్కన తీగ ఎవరు కడతరు, నీకు కళ్ళు తిరిగి అట్ల అనిపించిందన్నారు. మీ బావ తుండు నోట్లో కుక్కుకుని కూచున్నాడు. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. ఇంత మెత్తని మనసు ఉందని నాకు తెలియదు. జంపయ్య భార్య ముత్తమ్మ నా చెంగు పట్టుకుని, నువ్వు చూసినవు గద సిస్టరమ్మా, పామేనా అని అడిగింది. కాదన్నాను. అందరి ముందూ అన్నాను. పోలీసులు శవాన్ని భద్రాచలం దవాఖానాకి తీసుకుపోయారు.

కర్ర ఎప్పుడు పంపుతావు? పదడుగులు, రవీ.

అక్క


ఖమ్మం,
18 జనవరి 2025

అక్కా,

ల్యాబుకి పోయి సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఏం చేయాలో మరిచిపోయి, దాన్నే చూస్తూ కూచున్నాను. నువ్వు ముందు నడిచి ఉంటే అన్న మాట దగ్గరికి పోయి పోయి వెనక్కి వస్తున్నాను.

చిప్పులు పండగకి ముందే వచ్చాయి. బద్ధకించాను. పండగ పిండివంటలు తింటూ బద్ధకించాను. ఇప్పుడు ఒక్క రాత్రిలో చేశాను. ఈ ఉత్తరంతో పాటే వస్తోంది, పెట్టె విప్పకముందే దాని టిక్కు టిక్కు నీకు వినిపిస్తుంది. ఆగితే ఆగు.

ఆ తీగ కట్టినవాడు దొరకాలి. పందికి, మనిషికి తేడా తెలియని తీగను చీకట్లో కట్టి ఇంట్లో పడుకున్నవాడు ఎవడైనా సరే, వాడు నా ఎదురుగా వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. నువ్వు పాము కాదన్న మాట మీదే నిలబడు. ఎంతమంది చెప్పినా తప్పుకోకు.

బావని కాస్త కనిపెట్టుకుని ఉండు. మనిషి అట్లా మౌనంగా ఉంటే మంచిది కాదు. మాటల్లో పెట్టు. డబ్బా సరిగ్గా నడుస్తోందా అని నేను అడిగానని చెప్పు. ఆదివారం ఆదివారం తెల్ల బటన్ నొక్కుతున్నాడు కదా? ఈ గొడవలో మరిచిపోయి ఉంటే ఈపాటికి గంటన్నర వెనకబడి, తెల్లారి ఆరున్నర దాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

రవి


చింతవాగు తండా,
27 జనవరి 2025

రవీ,

నీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఏం బటన్, ఏ ఆదివారం అనుకున్నాను ముందు. తర్వాత గుర్తొచ్చింది. రిజిస్టరు అట్టలోంచి రెండో కాగితం తీశాను. వెనకవైపు నీ రాత. ఆయనకి తప్పకుండా చెప్పు అని కూడా రాశావు. ముందువైపు బదిలీ సంగతి ఉందని, నేను కాగితం మొత్తం దాచేశాను. ఒక్కసారైనా ఆయనకి చెప్పలేదు.

అప్పుడు కూడా నా బుర్రకి మోటారే తట్టింది. మర్నాడు తెల్లవారుతుండగానే మోటారు గదికి పోయాను. స్టార్టరు పక్కన గోడంతా దుమ్ము, సాలెగూడు. నీలం డబ్బా లేదు. ఎన్నడూ బిగించిన గుర్తు కూడా లేదు. గోడలో కొత్త మేకు ఒక్కటీ లేదు.

అక్కడే గట్టు మీద కూచున్నాను. పందులు మన చేనులోకి ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని నీకు వింత అని రాసింది నేనే కదా.

ఇంటికొచ్చి వెతికాను. చొప్పవాము అడుగున తీగచుట్ట, దాని మధ్యలో నీలం డబ్బా. ఆన్, ఆఫ్ అని నీ చేతిరాత. ఏడింటికి కొంచెం ముందు, నేను చేత్తో పట్టుకుని ఉండగానే అది టక్కుమంది. సెల్స్ ఇంకా బతికే ఉన్నాయి. కింద పడేసి అరిచాను. ఆ అరుపుకే మీ బావ వచ్చాడు.

దాచలేదు. గుమ్మంలోనే కూచుని చెప్పాడు. ఆ రోజు నేను ఊళ్ళోకి పరిగెత్తగానే అడ్డదారిన పోయి తీగ పీకేసింది ఆయనే. "నీ తొవ్వ అదే గదా అని ఐదుకు బందు పెట్టమన్న. నీ కోసమే గదా నిమిషం గూడ దాటొద్దన్న. మీ తమ్ముని డబ్బా మోసం చేసింది" అన్నాడు. ఏడుస్తున్నాడు. నా భర్త నా కోసం ఐదింటికి కరెంటు ఆపాడు. మిగిలిన ఊరి కోసం ఆపడం ఆయన ఆలోచనలోనే లేదు.

ఇప్పుడు చెప్పు. నీ డబ్బా మోసం చేసిందా?

హేమలత


ఖమ్మం,
1 ఫిబ్రవరి 2025

అక్కా,

లెక్క చెప్తాను, లెక్క చెప్పడం ఒక్కటే నాకు చేతనవును. డిసెంబరు ఒకటి నుంచి జనవరి పదకొండు దాకా నలభై ఒక్క రోజులు. రోజుకి రెండు నిమిషాలు. ఎనభై రెండు నిమిషాలు. ఐదుకి ఆగాల్సిన డబ్బా ఆ రోజు ఆరూ ఇరవై రెండుకి ఆగి ఉంటుంది. మీరు ఆరుకి బయలుదేరారు.

డబ్బా మోసం చేయలేదు. నేను ఎట్లా చేస్తే అట్లాగే నడిచింది. ఖమ్మంలో రెండు నిమిషాలే కదా అనుకున్నాను. క్రిస్టల్ అరచేతిలో గోరంత ఉంటుంది. దానికోసం హైదరాబాదు పోవడానికి బద్ధకించాను. ఎవడు నా ఎదురుగా వస్తే ఏం చేస్తానో తెలియదని రాశాను కదా, అద్దంలో రోజూ వాడే కనిపిస్తున్నాడు. నీ ప్రాణం కాపాడాల్సిన చిప్పును నేనే ఆ తీగకి కాపలా పెట్టాను.

నువ్వు కాగితం దాచావని ఏడవకు. దాంట్లో కొంపలేమీ మునగవని రాసింది నేను.

నేను వస్తున్నాను. సోమవారం నాటికి పోలీసు స్టేషన్‌లో ఉంటాను. డబ్బా నాదేనని, ఎవరడిగితే చేశానో, ఎందుకని చెప్పి అడిగారో రాసి సంతకం పెడతాను. డబ్బాను, తీగను ముట్టుకోకు, ఉన్నవి ఉన్నట్టే పోలీసులకి చూపించు. బావ మనవాడే, యాడికి కొడుకు లాంటివాడు. అయినా చెప్తాను. నువ్వు నన్ను వద్దంటావేమోనని భయంగా ఉంది, అందుకే ఈ ఉత్తరం నీకు చేరేలోపే బయలుదేరుతున్నాను.

రవి


చింతవాగు తండా,
16 ఫిబ్రవరి 2025

రవీ,

స్టేషన్ బయట నన్ను చూసి తల దించుకుని పోయావు. నీకన్నా రెండు రోజుల ముందే నేను పోయి డబ్బా చూపించానని ఎస్సై నీకు చెప్పాడో లేదో. నేను వద్దంటానని ఎట్లా అనుకున్నావు? ముత్తమ్మ ముందు పాము కాదన్న నోరు ఇది.

తండాలో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మొగుణ్ణి పట్టిచ్చిన ఆడది అంటున్నారు. గుంపులో మాత్రం ముత్తమ్మ చాప వేసింది. చిన్నదానికి మూడో డోసు వేశాను. శనివారాలు ఇప్పుడు పెట్టె నేనే మోస్తున్నాను. కర్ర టిక్కు టిక్కుమంటూనే ఉంది. దాని మాట వింటూ నడుస్తుంటే ముందు ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది.

బదిలీ ఆర్డరు వచ్చింది. ఎవరికి దాచాలని ఇంత చేశానో, ఆయన ఇప్పుడు ఇంట్లో లేడు.

మొన్న శుక్రవారం భద్రాచలం సబ్‌జైలుకి పోయాను. ఎందుకు పోయానంటే, ఒక్క బరువు దించుకోవాలి. మూడు వారాలుగా నేను పడుకోలేదు రవీ. ఆ కాగితం ఆ రోజే ఆయనకి చదివి వినిపించి ఉంటే జంపయ్య బతికేవాడని, ఆయన జైల్లో ఉండేవాడు కాదని, అంతా నా చేతుల్లోనే జరిగిందని అనుకుంటూ ఉన్నాను. ఇనుప జాలీకి ఇటు నేను, అటు ఆయన. గడ్డం పెరిగింది, సన్నబడ్డాడు. రెండో కాగితం తీసి, మా తమ్ముడు రాసిందే, నేను మీకు వినిపించలేదు అని చెప్పి మొత్తం చదివాను. బదిలీ సంగతి కూడా చదివాను. రోజుకి రెండు నిమిషాలు, ఆదివారం, తెల్ల బటన్, అన్నీ.

ఆయన కళ్ళు తుడుచుకుంటాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. దేనికైనా సిద్ధపడే పోయాను. ఆయన మొహం తేటపడింది. చిక్కుముడి విడిపోయినవాడిలాగా జాలీ దగ్గరికి జరిగాడు.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోవు గదా. ప్రతి ఐతారం ఒత్తేటోన్ని" అన్నాడు. "కోత దాక ఏ రంది ఉండకపోవు."

తీగ కట్టకపోయేవాణ్ణి అనలేదు. జంపయ్య పేరు రాలేదు. ఆదివారం ఆదివారం బటన్ నొక్కి, ఐదుకి సరిగ్గా ఆపి, మళ్ళీ తొమ్మిదికి ఆన్ చేసేవాడట.

ఆ మాటతో నాకు ఏడుపు ఆగిపోయింది. కాగితం మడిచాను. స్టేషన్‌కి పోయి ఎస్సై చేతిలో పెట్టి, ఇది కూడా కేసులో కలపండని చెప్పి, తీసుకున్నట్టు సంతకం చేయించుకుని ఐదు గంటల బస్సెక్కాను.

నీ అక్క
హేమలత